మర్యాద పట్టీ

రెండు దేశాలకి స్నేహం చెయ్యాలని బుద్ధి పుట్టింది. నేల మీద ఎలా చెయ్యాలో తోచక ఆకాశంలోకి ఒక ఉపగ్రహాన్ని పంపించాయి. ఎదురుపడితే మొహాలు తిప్పుకునే పెద్దమనుషులు పైనుంచి మాత్రం కలిసి చూద్దామని ఒప్పందం రాసుకున్నారు. అడవులూ, పంటలూ, నదులూ, మంచుకొండలూ అన్నీ కలిసే చూస్తారట, చూసిందంతా కలిసే పంచుకుంటారట. ఆ సంతకాలు పెట్టిన కలాలు ఇప్పటికీ ఉమ్మడి పరిశీలన కేంద్రం గుమ్మం పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టెను రోజూ తుడుస్తారు. దాని పక్కనే ఉన్న మంచినీళ్ళ యంత్రం పాడై ఎన్నాళ్ళయిందో మాత్రం ఎవడికీ పట్టదు.

ఆ కేంద్రం మూడో అంతస్తులో, కిటికీ లేని గదిలో, రెండు పెద్ద తెరల ముందు కూర్చుని పనిచేసే ఆవిడను అందరూ రంగులమ్మ అంటారు. ఉపగ్రహం తీసే ఫొటోలు ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక ముక్క మంచి ఎండలో తీసింది, పక్క ముక్క మబ్బు పట్టిన రోజున తీసింది. వాటిని పక్కపక్కన పేర్చి, రంగులు సరిచేసి, ఒకే పటంలా కనపడేట్టు అతకాలి. ఇంతవరకూ ఏ దేశంలోనైనా ఉండే పనే.

ఇక్కడి వింత ఏమిటంటే, సరిహద్దుకి అటూ ఇటూ పటం మీద వేలెడంత వెడల్పున ఒక పట్టీ ఉంది. ఒప్పందంలో దానికి పెట్టిన పేరు మర్యాద పట్టీ. అందులో కొత్త ఫొటో వెయ్యాలంటే అవతలి దేశం ఒప్పుకోవాలి. వాళ్ళ వంతెనలూ చెక్‌పోస్టులూ మనం చూశామని లోకానికి తెలియకూడదు, మనవి వాళ్ళు చూశారనీ తెలియకూడదు. చూసుకున్నామని ఇద్దరికీ తెలుసు, తెలుసని కూడా ఇద్దరికీ తెలుసు. అయినా తెలియనట్టు ఉండాలట, అదీ మర్యాద. ఆ ఒప్పుకోలు నెలల తరబడి రాదు, ఒక్కోసారి అసలే రాదు. అందాకా ఆ పట్టీలో ఇరువర్గాలూ ముచ్చటపడి ఎంచుకున్న పాత ఫొటో ఒకటి వేస్తారు. నిరుడు ఎండాకాలంలో, మబ్బు తునక లేని రోజున తీసింది. ఆ పాత ముక్కకీ చుట్టూ ఉన్న కొత్త ముక్కలకీ మధ్య అతుకు కనపడకుండా చెయ్యడమే రంగులమ్మ ఉద్యోగం. పట్టీలో ఉన్నది పాత ఫొటో అని పటం కింద చిన్న అక్షరాలతోనైనా రాద్దామని ఆమె చేరిన కొత్తలో అడిగింది. రాస్తే అమర్యాద అన్నారు. మళ్ళీ అడగలేదు.

ఆ పనిలో ఆమెను కొట్టేవాళ్ళు లేరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే కేంద్రంలో మిగిలినవాళ్ళందరూ ఆమె కళ్ళకి ఆనరు. అందరికన్నా చులకన డైరెక్టరు గారంటే. ఆయనకి ఆమె పెట్టిన పేరు షేక్‌హ్యాండు. నదికి ఎగువన ఉన్న అవతలి దేశం నుంచి ఏ గుమాస్తా వచ్చినా సరే, ఫొటోవాడు సిద్ధమయ్యేదాకా పట్టుకున్న చెయ్యి వదలడు. ఒకప్పుడు ఆయనా శాస్త్రవేత్తేనని పాతవాళ్ళు చెబుతారు గానీ దానికి ఆనవాళ్ళేమీ మిగల్లేదు.

రోజూ మధ్యాహ్నం బాక్సు మూత తీసి, రంగులమ్మ అక్కకి ఫోను చేసేది. అక్క కాపురం నది సరిహద్దు దాటి మనవైపుకి వచ్చాక ఒడ్డున ఉన్న మొదటి ఊళ్ళో, నీళ్ళకి ఆనుకుని ఉన్న వీధిలో. బావ జిరాక్సు షాపు నడుపుతాడు. అక్క చెవిన ఒక మాట పడితే సాయంత్రానికి వీధి చివరిదాకా వెళ్ళి, చిలవలూ పలవలూ వేసుకుని ఇంటికి తిరిగొస్తుంది. షేక్‌హ్యాండు కబుర్లంటే ఆవిడకి చెవి కోసుకునేంత ఇష్టం. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆ మనిషిని ఉతికి ఆరేస్తే గానీ మధ్యాహ్నం అన్నం అరిగేది కాదు.

మంగళవారం పొద్దున వచ్చిన ముక్కల్లో ఒకటి చూసి రంగులమ్మ కుర్చీ ముందుకి లాక్కుంది. ఎగువ దేశంలో, సరిగ్గా పట్టీ మధ్యలో, ఒక కొండ సగం విరిగి లోయలోకి జారింది. ఆ మట్టీ రాళ్ళూ నదికి అడ్డంగా పడ్డాయి. దారంలా ఉండే నది దాని వెనకాల ఉబ్బి చెరువైపోయింది. ఎవరూ కట్టని కట్ట అది, ఉత్త మట్టి. నీళ్ళు దాని తల మీదకి ఎక్కిన రోజున తెగుతుంది. తెగితే ఆ నీళ్ళన్నీ ఒక్కసారి కిందికి వస్తాయి. వచ్చేదారిలో మొదటి ఊరు ఏదో తెలుసుకోడానికి ఆమె పటం చూడక్కరలేదు. అక్క ఊరే.

వెంటనే ఎగువ దేశంలో ఉన్న ఇలాంటి కేంద్రానికే వీడియో కాల్ చేసింది. అక్కడ ఆమె పనే చేసే పెద్దాయన ఒకడున్నాడు. ఏళ్ళ తరబడి ఒకరినొకరు తెర మీద తప్ప చూసుకోలేదు గానీ అన్నయ్యా, అమ్మాయీ అనుకునేంత చనువుంది.

"అన్నయ్యా, చూశారా?"

"చూడకుండా ఉంటానా అమ్మాయ్. పొద్దున్నుంచీ అదే చూస్తున్నాను."

"మరి పట్టీలో కొత్త ఫొటో వేద్దామా?"

"మావాళ్ళని అడిగాను. గురువారం సభ అయ్యాక ఆలోచిద్దామన్నారు. మా మంత్రి మీ ఊరొస్తున్నాడు కదా, ఒప్పందం పదేళ్ళ పండగకి. ఆయన వచ్చే వారంలోనే మా కొండ విరిగిందని ఎలా చెబుతారు?"

"అది సభ అయ్యేదాకా ఆగుతుందా?"

"ఆగుతుందో ఆగదో దాన్నే అడగాలి. నువ్వొక పని చెయ్యి. మీవాళ్ళ చేత అడిగించు. మీరడిగితే మావాళ్ళు కాదనరు."

"మీరు ఇస్తామంటే మావాళ్ళు కాదనరు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని కాల్ కట్టేశారు. రెండు దేశాలు ఇన్నేళ్ళుగా సాధించిన సహకారం సరిగ్గా ఇంతే.

రంగులమ్మ కింద హాల్లోకి వెళ్ళింది. షేక్‌హ్యాండు గారు వేదిక మీద రెండు జెండా కర్రల మధ్య నిలబడి, రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో టేపు పెట్టి కొలిపిస్తున్నాడు. పోయినసారి మనది బెత్తెడు ఎత్తయిందని ఎగువ దేశం ఉత్తరం రాసిందట. ఇద్దరు పెద్ద చదువుల ఇంజనీర్లు ఆ టేపుకి చెరో కొస పట్టుకుని ఉన్నారు.

"సార్, పట్టీలో కొండ జారింది. నది ఆగిపోయింది."

"ఎవరివైపు?"

"వాళ్ళవైపు."

"అయితే వాళ్ళు చెప్పాలి. మనం చెబితే వాళ్ళింట్లోకి తొంగి చూసినట్టుండదూ?"

"నీళ్ళొచ్చేది మనింట్లోకి సార్."

ఆయన మొహం చిట్లించాడు. నీళ్ళ గురించి కాదు, జెండా ఇంకా బెత్తెడు తేడా ఉన్నట్టు అనిపించి. "కంగారు పడకమ్మా. గురువారం భోజనాల దగ్గర మంత్రిగారి చెవిన నేనే వేస్తాను. పైకి రాసి పంపితే అది ఫిర్యాదవుతుంది, మాట్లాడితే స్నేహమవుతుంది. ఇవన్నీ నీకు అర్థం కావులే. నువ్వు పటం సంగతి చూడు. గోడంత పటం, అతుకు కనపడిందంటే పరువు పోతుంది."

ఆమె ఒళ్ళు మండిపోయింది. మెట్లెక్కుతూ ఆయన్నీ, ఆయన జెండాలనీ, ఆ టేపు పట్టుకున్న ఇంజనీర్లనీ పేరుపేరునా తిట్టుకుంది. వీళ్ళ చదువులు తగలెయ్య అనుకుంది. అనుకుని, గదిలోకి వెళ్ళి, నిరుటి ఎండాకాలం ఫొటో తెరిచి పనిలో కూర్చుంది.

మధ్యాహ్నం అక్కే ఫోను చేసింది.

"ఏమే, ఇవాళ కబుర్లేమీ లేవా? ఏం చేస్తున్నాడు మీవాడు?"

"జెండాలు కొలిపిస్తున్నాడు."

"టైలరు చేతా?"

"ఇంజనీర్ల చేత."

అక్క పడీపడీ నవ్వింది. ఆ నవ్వు వింటూ రంగులమ్మ బాక్సులో అన్నం కెలికింది. చెప్పాలనే ఉంది. చెబితే అక్క నోరు ఆగదు. రేపటికల్లా ఊరంతా తెలుస్తుంది, ఎల్లుండికి పత్రికల్లో వస్తుంది, ఆ కబురు ఏ గదిలోంచి బయటికి పోయిందో కనిపెట్టడానికి పెద్ద తెలివి అక్కరలేదు. ఉద్యోగం ఊడుతుంది. అయినా గురువారం ఎంతో దూరం లేదు, ఆ దద్దమ్మ నిజంగానే మంత్రి చెవిన వేస్తాడేమో. అలా తనకి తాను నచ్చజెప్పుకుంది. ఇక్కడొక మాట చెప్పుకోవాలి. దద్దమ్మ అని ఎవరినైతే అంటోందో ఆ దద్దమ్మ మాట మీదే భారమంతా వేసి కూర్చుంది మహాతల్లి.

ఆ రెండు రోజులూ ఆమె పని చేసినట్టు ఇంకెప్పుడూ చెయ్యలేదు. కోపంగా ఉన్నప్పుడు ఆమె చెయ్యి మరీ బాగా ఆడుతుంది. ఈ ఏడు వాన ముందే పడి కొండలు పచ్చబడ్డాయి, పాత ముక్కలో ఇంకా ఎండిపోయి ఉన్నాయి. దానికి పచ్చదనం తెచ్చింది. నీడలు ఒకే వైపు పడేట్టు సరిచేసింది. నది రంగు పైనా కిందా ఒకేలా కలిపింది. కొండ జారిన చోట నిరుటి కొండ నిక్షేపంలా లేచి నిలబడింది, దాని కింద నిరుటి నది సన్నగా పారింది. అంతా అయ్యాక వెనక్కి జరిగి చూసుకుంటే, అతుకు ఎక్కడ వేసిందో ఆమెకే చప్పున అందలేదు.

గురువారం సభ జరిగింది. ఎవరి ఉపన్యాసం వారు చదివారు, అన్నిట్లోనూ ఆకాశానికి సరిహద్దులు లేవన్న మాట వచ్చింది, వచ్చిన ప్రతిసారీ జనం కొత్తగా విన్నట్టు చప్పట్లు కొట్టారు. తెర లాగారు. గోడంత పటం బయటపడింది. ఎగువ దేశం మంత్రి దగ్గరికి వెళ్ళి, సరిగ్గా ఆ చోటే, ఆ లోయ మీదే వేలు పెట్టాడు.

"ఎంత ప్రశాంతంగా ఉందో మా లోయ. మా అమ్మమ్మగారి ఊరు ఇక్కడే" అన్నాడు.

షేక్‌హ్యాండు గారు మురిసిపోయి, "మా అమ్మాయి చేతిపని సార్" అంటూ రంగులమ్మను ముందుకి తోశాడు. మంత్రి ఆమె చెయ్యి పట్టుకుని ఊపాడు. ఫొటోవాడు సిద్ధమయ్యేదాకా ఆమె కూడా చెయ్యి వదలలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన ఆమెకి సంతోషంగానే ఉంది.

భోజనాలయ్యాక డైరెక్టర్ని పక్కకి పిలిచి అడిగింది. "చెప్పారా సార్?"

"వేశానమ్మా చెవిన. కొండప్రాంతం కదా, జాగ్రత్తగా ఉండాలి అన్నాను. ఆయన నవ్వారు."

"అంతేనా?"

"ఇంతకన్నా గట్టిగా చెబితే బాగుండదు." ఆయన పళ్ళ మధ్య పుల్ల పెట్టుకుంటూ అటు వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఆ పటం రెండు జెండాల ముద్రలతో రెండు దేశాల్లోని ఆఫీసులన్నిటికీ వెళ్ళింది. ఎవరైనా ఫోనులో తెరిచి చూసుకోవచ్చని ప్రకటన కూడా ఇచ్చారు.

శుక్రవారం ఉపగ్రహం మళ్ళీ ఆ లోయ మీదుగా వెళ్ళింది. చెరువు రెండింతలైంది. నీళ్ళు మట్టికట్ట అంచు దాకా వచ్చేశాయి. రంగులమ్మ ఇంక ఎవరినీ అడగలేదు. కింద కార్లు పెట్టే చోటికి పోయి, స్తంభం చాటున నిలబడి అక్కకి ఫోను చేసింది.

"అక్కా, నవ్వకుండా విను. పిల్లల్ని తీసుకుని ఇప్పుడే ఊరొదిలి రండి. పైన నదికి కొండ అడ్డం పడింది. అది తెగబోతోంది."

"నిజంగానా?"

"నేను చూశాను."

"మరి మా వీధి సంగతి?"

"చెప్పు. అందరికీ చెప్పు. నా పేరు మాత్రం ఎత్తకు."

అక్క నోటిని ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్నారు గానీ, ఆ రోజు ఆ నోరే ఆ వీధికి దిక్కైంది. తలుపు తలుపూ కొట్టింది. సగం మంది సామాన్లు సర్దుకున్నారు కూడా. ఇంతలో ఎవరో మున్సిపాలిటీ ఇంజనీరుని పిలుచుకొచ్చారు. ఆయన పాపం చెడ్డవాడేమీ కాదు. వీధి మధ్యలో నిలబడి ఫోను తీసి ఉమ్మడి పటం తెరిచి అందరికీ చూపించాడు. నిన్ననే వచ్చింది, రెండు దేశాలూ కలిసి ఇచ్చింది, ఇందులో కొండ కొండలాగే ఉంది, నది నదిలాగే ఉంది, చెరువు ఎక్కడుందో మీరే చూపించండి అన్నాడు.

అక్క మళ్ళీ ఫోను చేసింది. "వాళ్ళ పటంలో ఏమీ లేదటే. నేనూ చూశాను. చుక్క నీళ్ళు లేవు."

"ఆ పటం తప్పక్కా."

"రెండు జెండాలున్నాయే దాని మీద. ఎందుకు తప్పు?"

ఎందుకు తప్పో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆ ముక్క రంగులమ్మ నోటిదాకా వచ్చి ఆగింది.

"నన్ను నమ్మక్కా. నువ్వైతే బయల్దేరు."

అక్క నమ్మింది. బావా, పిల్లలూ, పక్కన రెండు మూడు ఇళ్ళవాళ్ళూ సాయంత్రం బస్సెక్కారు. తక్కినవాళ్ళు మూటలు విప్పుకున్నారు. శనివారం పొద్దున కట్ట తెగింది.

ఆ తరవాత జరిగిన హడావిడి చూడాలి. పట్టీ అనుమతి అరగంటలో వచ్చేసింది. వరద నీళ్ళు ఎక్కడెక్కడున్నాయో ఫొటోలన్నీ రెండు దేశాలూ పోటీలు పడి పంచుకున్నాయి. ఇళ్ళు పోయిన చోట్లన్నీ ఎర్రరంగు వేసి చూపించారు. సాయం అందించడానికి ఆ ఫొటోలు ఎంతో ఉపయోగపడ్డాయని అందరూ అన్నారు. పడ్డాయి కూడా. శవాలు వెతకడానికి బాగా పడ్డాయి.

అక్కా వాళ్ళు రంగులమ్మ ఫ్లాటులోనే దిగారు. ఆదివారం బావ ఊరు చూసొచ్చాడు. వీధిలో గోడలు తప్ప ఏమీ లేవని చెప్పి, స్నానానికని లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. పిల్లలు పక్కగదిలో పడుకున్నారు. అక్క సోఫా చివర కూర్చుని టీవీ చూస్తోంది. టీవీలో షేక్‌హ్యాండు గారు వచ్చాడు. విపత్తు వేళ స్నేహం ఎలా గట్టిపడిందో చెబుతున్నాడు. వెనకాల గోడ మీద పటం ఉంది, దాన్ని తీసెయ్యాలని ఎవడికీ తోచలేదు.

"చూడు ఆ మొహం" అంది రంగులమ్మ. "మంగళవారమే చెప్పానక్కా వాడికి. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. నీళ్ళొచ్చేది మనింట్లోకి సార్ అని కూడా అన్నాను. జెండాలు కొలుచుకుంటూ కూర్చున్నాడు సన్నాసి."

అక్క తల తిప్పలేదు. "మంగళవారమా?"

రంగులమ్మ రిమోటు అందుకుని టీవీ సౌండు తగ్గించింది.

"మంగళవారం మధ్యాహ్నం నేనేగా ఫోను చేశాను. టైలరు చేతా అని అడిగాను కూడాను."

"అప్పటికి ఇంకా ఖాయంగా తెలీదక్కా."

అక్క ఆ మాట మీద వాదించలేదు. టీవీలో పటం వైపు చూపించింది. "ఇంజనీరు చూపించింది ఇదే. అదిగో, ఆ కొండ. లేని కొండని ఎలా పెట్టారే అందులో?"

"పాత ఫొటో వేస్తారు. ఒప్పందం అలాంటిది. దాన్ని చుట్టూ ఉన్నదానితో కలిపేస్తారు."

"ఎవరు కలుపుతారు?"

అబద్ధం చెప్పొచ్చు. అక్కకి ఆ పనులేమీ తెలియవు, ఏం చెప్పినా నమ్ముతుంది. ఇన్నేళ్ళలో తన పనేమిటో అక్క ఒక్కసారీ అడగలేదు. తనూ షేక్‌హ్యాండు కబుర్లు తప్ప వేరే ఏమీ చెప్పలేదు.

"నేనే" అంది రంగులమ్మ.

అక్క గొంతులో కోపం లేదు, ఎవరో దారినపోయేవాళ్ళతో మాట్లాడినట్టుంది.

"మా వీధి మొదట్లో గడియారాలు బాగుచేసే బాబాయ్ ఉండేవాడు, నీకు చెప్పాను గుర్తుందో లేదో. ముందు ఆయనే మూట కట్టాడు. జనం ఇచ్చిన గడియారాలన్నీ గుడ్డలో చుట్టి భుజాన వేసుకుని మాతో బయల్దేరాడు. బస్సు దగ్గర ఆగి, ఏదీ ఆ పటం ఇంకోసారి చూపించమ్మా అన్నాడు. నా ఫోనులోనే తెరిచాను. ఆయన జేబులోంచి గడియారాలు చూసే భూతద్దం తీసి కంటికి పెట్టుకుని చూశాడే. గడియారంలో వెంట్రుకంత పగులున్నా పట్టుకునే మనిషి. ఆ కొండంతా, ఆ నదంతా మెల్లగా చూసుకుంటూ వచ్చాడు. ఎక్కడా తేడా లేదమ్మా, నీ చెల్లెలు ఊరికే కంగారు పడుతోంది అని మూట పట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు."

"నా పేరు చెప్పొద్దన్నాను కదక్కా" అంది రంగులమ్మ. అంటుండగానే తను ఏమంటోందో తనకే వినపడింది.

అక్క అప్పుడు తలతిప్పి చెల్లెల్ని చూసింది. రోడ్డు మీద తొక్కిన దాన్ని చూసినట్టు చూసింది.

"అవును, అన్నావు." లేచి టీవీ కట్టేసింది. "పాపం మీ డైరెక్టర్ని ఎందుకే అన్నాళ్ళు ఆడిపోసుకున్నాం. ఆయన చేసుంటే ఆ అతుకు బాబాయికి కనపడేది."

పక్కగదిలోకి వెళ్ళి పిల్లల్ని లేపింది. బావ వచ్చేసరికి వాళ్ళకి చెప్పులు తొడుగుతోంది. ఎక్కడికని అడిగితే, వరద బాధితులకి స్కూల్లో చోటిచ్చారట, అక్కడికి పోదామంది.